గండి మూసే వైపు

మా ఉద్దానంలో గోడ కట్టేవాళ్లకి ఒక పట్టింపు ఉంది. ఇంటి చుట్టూ ప్రహరీ లేపేటప్పుడు ఇసుకా ఇటుకా మోసుకురావడానికి వీలుగా ఒకచోట మనిషి పట్టేంత గండి వదులుతారు. పనంతా అయ్యాక ఆఖర్న ఆ గండి మూస్తారు. మూసే మేస్త్రి లోపలి వైపే నిలబడాలి, అంటే పొయ్యి ఉన్న వైపు. ఆఖరి ఇటుక పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ ఇంట్లో అన్నం తిని, వీధి గేటులోంచి వెళ్లాలి. బయట నిలబడి మూస్తే ఇంటి కలిమి అతని వెనకాలే పోతుందని పెద్దవాళ్ల భయం. నేను టెక్కలిలో డిప్లొమా చదివినవాణ్ని కాబట్టి ఇలాంటివి విన్నప్పుడల్లా నవ్వేవాణ్ని. ఆ చదువుతో నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

మా బావ మాత్రం ఆ పట్టింపును ప్రాణంలా చూసుకునేవాడు. బావ అంటే మా అప్ప భర్త. అక్కని మా వైపు అప్ప అంటాం. పూండి స్టేషన్లో దిగి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లెల్లో చాలా ప్రహరీలు అతని చేతి మీద లేచినవే. అతని ఇంటికి మాత్రం గోడ లేదు, మొగలి దడి ఉండేది. మా తాతల నాటి నుంచి జీడితోటకైనా కొబ్బరితోటకైనా మొగలే కంచె. ముళ్లకి భయపడి పశువు రాదు. వేళ్లు ఇసుకని పట్టుకుంటాయి. పూసినప్పుడు వీధంతా వాసన. తుపాను వచ్చిన రాత్రి కొబ్బరిచెట్లతో పాటు ఆ దడీ పోయింది. తెల్లారి చూస్తే అప్ప పెరటి నుంచి సముద్రం దాకా అడ్డమన్నది లేదు. ఆ తరవాత వంటింట్లోకి మేకలు రావడం మొదలైంది. మేకలకన్నా అప్పని ఎక్కువ బాధపెట్టింది స్నానానికి నాలుగు కొబ్బరి మట్టలు అడ్డం పెట్టుకోవలసి రావడం. గోడ కట్టమని రోజూ పోరేది. ఊరందరికీ కడుతూనే ఉన్న మనిషి తన ఇంటికొచ్చేసరికి వచ్చే నెల అనేవాడు.

అప్పుడు నేను ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజర్ని. బంగ్లాదేశ్ సరిహద్దులో ఒక ముక్క గోడ, దాని మీద ముళ్లతీగ కట్టే పని మా కాంట్రాక్టరుకి దొరికింది. చాలాచోట్ల వట్టి ఇనప కంచే. మాది నది పక్క పల్లపు నేల కాబట్టి కింద కాంక్రీటు, మధ్యలో ఇటుక, పైన తీగ. అక్కడి కూలీలు వారం చేసి మాయమయ్యేవారు. మన మనుషులైతే నిలబడతారని బావకి ఫోన్ చేశాను. చుట్టుపక్కల పల్లెల నుంచి తాపీవాళ్లని పోగు చేశాడు.

పలాసలో రైలెక్కించడానికి అప్ప కూడా వచ్చింది. ఆవిడ జీడిపప్పు ఒలిచే పనికి పలాస వస్తూనే ఉంటుంది. జీడి జిడ్డుకి వేళ్ల కొనలు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. ఆ నల్లటి వేలు బావ వైపు ఆడిస్తూ అడిగింది.

"మనింటి గోడ మాటేటి?"

"ముందు దేశానికి కట్టేసి వత్తానే. దేశం పెద్దది గదా. అదవ్వగానే మనింటికి. గండి నా సేత్తోనే మూత్తాను, సరేనా?"

"సరే. దేశానికి పొయ్యి ఎక్కడున్నాదో సూసుకుని నిలబడు మరి," అంది అప్ప.

పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

సరిహద్దు అంటే బావ ఏదో ఊహించుకుని వచ్చినట్టున్నాడు. నేను చూపించింది వరిచేలో మోకాలెత్తు రాయి. రాయికి ఇటు వరి, అటు వరి. ఇటు కొంగలు, అటు కొంగలు. బావ రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గోడ ఈ రాయి కాణ్ణించేనా?"

"కాదు. గీత దగ్గర కట్టకూడదని రెండు దేశాల మధ్య మాట ఉంది. నూటయాభై గజాలు మన వైపు వెనక్కి జరగాలి."

"మరి ఆ నడిమిలో ఇళ్లున్నాయి గదా?"

"ఉన్నాయి. మన వాళ్లే. గోడ అవతల ఉండిపోతారు."

"ఓట్లున్నాయా ఆళ్లకి?"

"ఉన్నాయి."

"రేషనూ?"

"అదీ ఉంది."

"మరి మన మనుషుల్ని అవతల పెట్టి గోడ కట్టడమేటిరా ఇంజినీరూ?"

నాకు కోపం వచ్చింది. నన్ను ఇంజినీరూ అని పిలిచినప్పుడల్లా అందులో సగం వెటకారం ఉండేది. మన పని కట్టడమే, అడగడం కాదని కసిరాను. డ్రాయింగు చుట్టి చంకలో పెట్టుకుని నడిచాను. నిజానికి ఆ ప్రశ్న నేనూ మా పైవాళ్లని అడిగాను. వాళ్లూ డ్రాయింగే చూపించారు.

కాగితం మీద దేశం అంచు సన్నటి గీత. నేల మీద ఆ గీత మనకోసం ఆగి ఉండదు. ఒకచోట వెనక్కి జరిగిన గోడ చెరువు మధ్యలోంచి పోతుంది. నీళ్లలో పునాది ఎలా వేస్తాం? చెరువు తోడాలి. తోడిన నీళ్లు ఎటు వదలాలి? అటు వదిలితే ఇంకో దేశం. ఇంకోచోట వంటసాల మూల కొట్టేయాలి. ఆ ఇంటివాళ్లు పలుగుకి అడ్డం కూర్చుంటే మాట్లాడే భాష నా దగ్గర లేదు. ఇటుకల లారీ తారురోడ్డు చివర ఆగిపోయేది. అక్కడి నుంచి ట్రాక్టరు, ట్రాక్టరు దిగబడితే నెత్తి మీద తట్ట. రోడ్డు వేశాక గోడ కట్టమంటే నేల జారుతోంది, గోడ కట్టాక రోడ్డు వేయమంటే సామాను రాదు. వానలు మొదలైతే నెలల తరబడి వదలవు. రేకుల షెడ్డులో సిమెంటు బస్తాలు బస్తాల్లాగే గట్టిపడేవి. వాటిని పక్కన పేర్చి మెట్లుగా వాడుకున్నాం.

అటు కాపలావాళ్లు అప్పుడప్పుడూ గట్టు మీదికొచ్చి ఈల వేసేవారు. గీతకి దగ్గరగా వచ్చేశారని వాళ్ల అభ్యంతరం. ఈల వినపడగానే పని ఆపేయాలి. రెండు వైపుల అధికారులూ జెండాలు పట్టుకొచ్చి, టెంటు కింద టీ తాగి, టేపులు పట్టి కొలిచి, మాకు అర్థం కాని మాటలు మాట్లాడుకుని వెళ్లిపోయేవారు. పైనుంచి కబురొచ్చేదాకా మా వాళ్లు పేకాట. మళ్లీ మొదలుపెట్టేసరికి తవ్విన కాలవ నిండా కప్పలు.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది నీళ్లు. పొలాల నీళ్లు నదిలోకి పోవాలి, నది ఉన్నది గోడకి అవతల. గోడలో తూములు వదలాలి. నీళ్లు పోయేంత తూము వదిలితే మనిషి దూరి పోతాడు. మనిషి దూరకుండా ఊచలు పెడితే గుర్రపుడెక్క వచ్చి అడ్డుపడుతుంది. మొదటి ఏడాది నేను ఊచలు దగ్గరదగ్గరగా పెట్టించాను. వానలకి గుర్రపుడెక్క గోడంత ఎత్తు పేరుకుంది. వెనక నీళ్లు నిలిచి ఒక పొడవాటి ముక్క నిలువునా ఒరిగిపోయింది. మరుసటి నెల నది వంపు తిరిగి, ఒరిగిన ముక్కని ఒడ్డుతో సహా తీసుకుపోయింది. బావ చేతులు కట్టుకుని నిలబడి, తన ఇటుకలు నీళ్లలోకి జారడం చూశాడు. నాకు ఏడుపొచ్చింది. అతను మాత్రం, "సముద్రం పక్కనోళ్లం గదరా, ఇది మనకి కొత్తేటి," అని నా భుజం మీద చెయ్యేసి షెడ్డుకి తీసుకుపోయాడు.

మా ముక్కకి అవతల ఉండిపోయే ఇళ్లలో అన్నిటికన్నా దగ్గరది ఒక ముసలి దంపతులది. పనసచెట్టు, పక్కన చేతిపంపు, మట్టిగోడల ఇల్లు. సామాను మోయడానికి మేం వదిలిన గండి సరిగ్గా ఆ పంపుకి ఎదురుగా పడింది. మా వాళ్లు తాగే నీళ్లన్నీ అక్కడివే. ఉద్దానం మనిషి ఎక్కడికెళ్లినా ముందు నీళ్ల సంగతి అడుగుతాడు. ఊళ్లో ఎంతమందిని నీళ్లే తినేశాయని అనుకుంటామో మాకే తెలుసు. బావ ఆ పంపు నీళ్లు దోసిట్లో పట్టి, వాసన చూసి, పుక్కిలించి, అప్పుడు తాగాడు. ఇచ్ఛాపురం వైపు పనులు చేసినప్పుడు అబ్బిన ఒడియా ముక్కలతో ముసలామెతో మాట్లాడేవాడు. ఆవిడ బెంగాలీలో జవాబు చెప్పేది. ఇద్దరికీ సగం సగం అర్థమయ్యేది, అదే చాలనుకునేవారు. సాయంత్రం పని దిగాక ఆవిడ మరమరాల్లో ఉల్లిపాయ, ఆవనూనె కలిపి అందరికీ పెట్టేది. ఆవనూనె ఘాటుకి మా వాళ్లు మొహాలు చిట్లించుకుంటూనే గిన్నె ఖాళీ చేసేవారు.

ముసలాయన ఎప్పుడూ అరుగు మీదే ఉండేవాడు. ఒకరోజు బావ వెళ్లి పక్కన కూర్చుని, అడక్కుండానే ఆయన కాలు తన ఒళ్లో పెట్టుకుని, మోకాలి కింద బొటనవేలితో నొక్కాడు. వేలు తీసేశాక గుంట అలాగే ఉండిపోయింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఊళ్లలో ఆ గుంట ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. పట్నం ఆసుపత్రికెళ్లి రక్తం చూపించుకోమని బావ సైగలతో, ఒడియాతో, తన చేతి నరం చూపించి చెప్పాడు. ఆయన విన్నాడు. గండిలోంచి ఇవతలకి వచ్చి, మా ట్రాక్టరెక్కి, తారురోడ్డు మీద బస్సు పట్టుకుని వెళ్లాడు. తరవాత వరసగా వెళ్లి వస్తూనే ఉన్నాడు. ట్రాక్టరులో ఆయన కూర్చునే చోట బావ ఖాళీ గోనెసంచి మడతపెట్టి వేసేవాడు.

బావ ఆ రోజుల్లో ఎండలో కూడా సాక్సులేసుకుని పనిచేసేవాడు. సిమెంటుకి పాదాలు పగులుతున్నాయన్నాడు. నేను నమ్మాను.

వానలు రాకముందే గండి మూసేయాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. ఆ రోజు స్టీలు దింపుకోవడానికి నేను యార్డుకి వెళ్లాను. పొద్దువాలుతుండగా తిరిగి వచ్చేసరికి గండి లేదు. గోడ ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే గోడ. వరసలు తిన్నగా, అతుకు కనిపించకుండా, బావ పని అని ఎవరికైనా తెలిసేలా ఉంది. మనిషి మాత్రం ఒక్కడూ కనబడలేదు. తాపీలు లేవు, తట్టల్లేవు, పరంజా లేదు. గోడ అవతల నుంచి మా ఊరి నవ్వులు వినబడుతున్నాయి.

"బావా!" అని కేక వేశాను. "ఎక్కడున్నావు?"

"ఇక్కడే. లోపలే ఉన్నాం!"

"లోపలేటి బావా, మీరు బయటున్నారు!"

నవ్వులు ఆగిపోయాయి. తరవాత ఎవరో "ఒలమ్మ" అన్నారు. తాపీ ఒకటి కింద పడిన చప్పుడైంది.

జరిగింది ఇది. గండి మూయాలి అనగానే మా వాళ్లు ఇంటి వైపుకి నడిచారు. పరంజా అటు కట్టారు, సిమెంటు మాలు అటు కలిపారు, ఇటుకలు అటు మోసుకున్నారు. అంతమందిలో ఒక్కడికీ ఇదేమిటని అనిపించలేదు. పుట్టినప్పటి నుంచి గండి మూసేవాడు పొయ్యి వైపు నిలబడటమే చూశారు. గోడకి ఇవతల ఉన్నది బురదరోడ్డూ మా రేకుల షెడ్డూ. అవతల పనసచెట్టు కింద ముసలామె పొయ్యి మండుతోంది. పగటిపూట అవతల పనిచేయడానికి మాకు అనుమతి ఉండేది కాబట్టి కాపలావాళ్లూ అడగలేదు. పల్లెల్లో కట్టే గోడల్లాంటిదే అనుకుని దేశం గోడ బయట నిలబడి మూసేశారు.

ఇవతలకి రావాలంటే ఒకటే దారి, ఆ ఊళ్లవాళ్ల కోసం పెట్టిన ఇనప గేటు. బాగా దూరం. పొద్దుగూకకముందే తాళం వేస్తారు, మళ్లీ తెల్లారాకే తీస్తారు. మా వాళ్లు గోడ పట్టుకుని పరిగెత్తారు. నేను ఇవతల రోడ్డు మీద బురదలో పరిగెత్తాను. అందరం చేరేసరికి తాళం పడిపోయింది. కాపలా అధికారి నన్ను నిలబెట్టి దులిపేశాడు.

"మీ వాళ్లకి దేశం ఏ వైపుందో తెలీదా?" అని హిందీలో అడిగాడు.

తెలియకేం, ఆ వైపూ మన దేశమే కదండీ అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. తాళం తీయడానికి పైనుంచి ఉత్తర్వు కావాలన్నాడు. ఆ పూటకి వాళ్లు అక్కడే ఉండాల్సి వచ్చింది. నేను షెడ్డుకి తిరిగి వచ్చి, చల్లారిన చపాతీ ముందు పెట్టుకుని, గోడ పైనుంచి కనబడుతున్న పొగ చూస్తూ కూర్చున్నాను. ముసలామె మా వాళ్లందరికీ వండుతోంది. నా బతుకులో అంత ఒంటరిగా తిన్న భోజనం మరొకటి లేదు.

తెల్లారి గేటు తీశాక ఒక్కొక్కరే కార్డు చూపించి ఇవతలకి వచ్చారు. నేను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. బావ నవ్వుతూ వచ్చాడు.

"తప్పేటి జరిగిందిరా? పొయ్యి వైపు నిలబడ్డాం, మూసినాం. ఆ తల్లి అన్నం పెట్టింది, తిన్నాం. వీధి గేటంట వచ్చినాం. మా అయ్య సెప్పినట్టే సేసినాం గదా."

నాకూ నవ్వొచ్చింది. నడుస్తూ ఉండగా అతని నవ్వు పోయింది. కాస్త దూరం వెళ్లాక ఆగి, వెనక్కి తిరిగి ఆ గేటు కేసి చూశాడు.

"ముసలోడికి సందేళ ఆయాసం వచ్చిందనుకో. ఏటి సేత్తాడు? తెల్లారేదాకా ఆ తాళం కాడ కూకోవాలేటి?"

మళ్లీ గోడ కేసి చూసి, "అతుకైనా వదిలినాను కాదు," అన్నాడు.

ఆ మాటలో ఉన్న బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. చేసిన పని ఎంత బాగా చేశాడో తలుచుకుని ఒక మేస్త్రి అంత కుంగిపోవడం నేను మరెక్కడా చూడలేదు. ఆ తరవాత మమ్మల్ని ఇంకో ముక్కకి మార్చారు. ముసలాయన ఏమయ్యాడో కనుక్కోమని బావ నన్ను చాలాసార్లు అడిగాడు. ఎవరిని అడిగినా ఏ ముసలాయన అనేవారు. ఆ కబురు మాకు ఎప్పటికీ తెలియలేదు.

బావ సాక్సులు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఎందుకలా వాచిందని అడగలేదు. వంగి బొటనవేలితో నొక్కాను. గుంట అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్ల నుంచి అంటే, "నువ్వు అప్పకి ఫోన్ సేసేత్తావని సెప్పలేదురా," అన్నాడు. ఇద్దరం రైలెక్కి వచ్చేశాం. నేను మళ్లీ ఆ పనికి వెళ్లలేదు. టెక్కలిలో బస్టాండుకి దగ్గర్లో చిన్న గది తీసుకుని ఇళ్ల ప్లాన్లు గీసుకుంటున్నాను. గీసే ప్రతి ప్లానులోనూ ముందు గేటు ఎక్కడో చూస్తాను.

పలాస ఆసుపత్రిలో బావకి డయాలిసిస్ మొదలైంది. మా ఊళ్ల నుంచి పొద్దున్నే బయల్దేరే ఆటోలో అందరూ ఆ పనికే వెళ్లేవాళ్లు. ఎవరి సీటు ఎక్కడో కూడా వాళ్లకి ఖాయం. ఒక సీటు ఖాళీగా ఉంటే ఆ రోజు ఆటోలో ఎవరూ మాట్లాడేవారు కాదు. నేను తోడు వెళ్లిన ఒక రోజు రైలు గేటు వేసేశారు. గూడ్సు బండి. తరగని బండి. బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఎర్రరంగు కొట్టిన ఆ గేటుని చూస్తూ అన్నాడు.

"ఇది మంచి గేటురా. రైలెల్లిపోగానే తీసెత్తారు."

ఎవరికి అర్థమైనా కాకపోయినా నాకు అర్థమైంది. మొహం తిప్పుకున్నాను.

అలాంటి ఒంటితోనే అప్పకిచ్చిన మాట కోసం గోడ మొదలుపెట్టాడు. ఒక రోజు యంత్రం, మర్నాడు మంచం, ఆ మర్నాడు తాపీ. వాళ్లకి పిల్లలు లేరు. సాయం చేస్తామని వచ్చిన పాత జట్టువాళ్లని తట్టలు మోయనిచ్చాడు గానీ వరస పెట్టనివ్వలేదు. సూది పెట్టే ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. తాపీవాడు ఇటుక పట్టుకునేది ఆ చేత్తోనే. కుడి చేత్తోనే ఇటుక పెట్టి, అదే చేత్తో తాపీ తీసుకుని, మాలు వేసి, మళ్లీ తాపీ కింద పెట్టి ఇటుక తీసుకునేవాడు. నీళ్లు లెక్క చూసి తాగాలి కాబట్టి నోరు ఎండిపోయేది. ఇటుకలు తడపడానికి పెట్టిన తొట్టి పక్కనే కూర్చుని, తడి గుడ్డ పెదాలకి అద్దుకుని, మళ్లీ లేచేవాడు. అప్ప అది చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది. వద్దంటే వినడు. గోడ అడిగినందుకు తన నోటిని తనే తిట్టుకునేది.

వీధి వైపు అయింది. రెండు పక్కలూ అయ్యాయి. వెనక తోట వైపు గోడ కూడా లేచింది, గండి తప్ప.

"ఇంక నాకు ఇయ్యి బావా, ఒక్క పూట పని," అన్నాను ఒకరోజు.

"నువ్వా?" అని చాలారోజులకి నవ్వాడు. "ఇంజినీరుకి ఇటుక ఏ వైపు పైనో తెలుసునేటి? గండి నేనే మూత్తాను. ఆ పని ఒకటీ నాకు వదిలీ."

వదిలేశాం. అందరం వదిలేశాం. మేకలు రాకుండా అప్ప గండికి అడ్డంగా పాత తలుపొకటి పెట్టింది. ఎండలు ముదరకముందు ఒక ఉదయం ఆవిడ టీ తెచ్చేసరికి బావ మంచం మీదే పోయి ఉన్నాడు. మంచం కింద తొట్టిలో, సాయంత్రం పని చేద్దామని నానబెట్టుకున్న ఇటుకలు నాలుగు ఉన్నాయి.

తోటలోంచి సముద్రం వైపు శ్మశానానికి దగ్గర దారి ఆ గండిలోంచే. పాత తలుపు పక్కకి తీసి, అతన్ని అటే తీసుకువెళ్లాం. మోసేవాళ్లు పక్కకి వాలి ఒకరి వెనక ఒకరు వెళ్లాల్సి వచ్చింది. మనిషి పట్టేంతే వదిలాడు.

నెలలు గడిచినా ఆ గండి అలాగే ఉంది. జట్టువాళ్లు చెన్నై ఒకరు, విశాఖ ఒకరు వెళ్లిపోయారు. వానలు దగ్గరపడ్డాక అప్ప ఫోన్ చేసి రమ్మంది. ఆదివారం టెక్కలి నుంచి బస్సులో పలాస, అక్కడి నుంచి ఆటోలో వెళ్లాను. అప్పటికే మాలు కలిపి ఉంచింది. ఇన్నేళ్లు పక్కన ఉండి చూసింది, ఆవిడ కలిపిన మాలులో నేను వంక పెట్టడానికేమీ లేదు. ఇటుకల కుప్ప గోడ అవతల తోటలో ఉంది. నేను చొక్కా విప్పి, బావ తాపీ చేతిలోకి తీసుకుని లోపలి వైపు నిలబడ్డాను. అప్ప నా చేతిలోంచి తాపీ లాక్కుంది.

"నువ్వు అటెల్లి ఇటుకలందియ్యి."

"బయటా? లోపలుండే మూయాలి గదా అప్పా?"

"మరందుకే. ఈ ఇంట్లో పొయ్యి ఎలిగించేది నేను. నేనే లోపలుంటాను."

గండిలోంచి తోటలోకి వెళ్లాను. బావ నానబెట్టిన నాలుగు ఇటుకలూ ముందు పెట్టింది. తరవాత నేను ఒక్కొక్కటే అందించాను, ఆవిడ నల్లటి వేళ్లతో అందుకుని వరస పేర్చింది. వరసలు తిన్నగా రాలేదు. దారం కట్టుకోమంటే, "ఉండనీ, ఇది నాదని తెలవాల," అంది. మోకాళ్లు కనబడకుండా పోయాయి. నడుం పోయింది. పీట వేసుకుని ఎక్కింది. గడ్డం, ముక్కు, కళ్లు. ఏడవడం లేదు. దూరాన ఒక పొయ్యి పొగ చూస్తూ ఇలాగే గోడ అవతల నేను కూర్చున్న పూట గుర్తొచ్చింది. ఆఖర్న ఒక చెయ్యే మిగిలింది. చివరి ఇటుక అందుకుని ఆ చెయ్యీ లోపలికి వెళ్లిపోయింది.

లోపల కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. గోడకి నుదురు ఆనించి నేను ఏడ్చాను. తడి సిమెంటు మొహానికి అంటుకుంది. తనకి వినపడకూడదని కండువా నోట్లో కుక్కుకున్నాను గానీ, ఆ గోడ అంత మందం కాదు.

"ఏడుత్తన్నావేటిరా?" అంది అటు నుంచి. "అన్నం వండినాను. వీధంట తిరిగి రా. గేటు తీసే ఉన్నాది."